‘జమ్నా’కు మన తీరం బాకీ ఉంది

ఘాజీ పేరు వినని మనిషి ఉత్తరాంధ్రలో దొరకడు. 1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక విశాఖ రేవు ముందు మునిగిన ఆ పాకిస్తాన్ జలాంతర్గామి మీద పుస్తకాలు వచ్చాయి, 2017లో తెలుగు సినిమా వచ్చింది, ఆ యుద్ధ విజయానికి గుర్తుగా బీచ్ రోడ్డులో స్తూపం వెలిసింది. అదే సముద్రంలో అంతకు ఇరవై ఏడేళ్ల ముందే ఇంకో జలాంతర్గామి మునిగింది. 1944 ఫిబ్రవరి 11న జపాన్ నౌకాదళానికి చెందిన ఆర్‌ఓ-110ను మూడు ఎస్కార్ట్ నౌకలు కలిసి వేటాడి ముంచాయి. రెండు ఆస్ట్రేలియావి, ఒకటి మనది. మన నౌక పేరు హెచ్‌ఎంఐఎస్ జమ్నా. అది జరిగిన చోటు విశాఖ రేవుకు దక్షిణంగా సుమారు 30 కిలోమీటర్లు, అంటే నేటి అనకాపల్లి జిల్లా తీరానికి ఎదురుగా. మునగపాకలో బయలుదేరి అచ్యుతాపురం మీదుగా పూడిమడక చేరడానికి గంట కూడా పట్టదు. అక్కడి నుంచి తూర్పు దిక్కున ఉన్న నీళ్లలోనే ఆ వేట సాగింది. అయినా ఆ తీరంలో దాని గురించి చెప్పే చిన్న బోర్డు లేదు, మన బడి పుస్తకాల్లో ఒక్క వాక్యం లేదు. ఈ మరుపును సరిదిద్దుకోవాలి. సరిదిద్దుకునేటప్పుడు ఎవరు ఎవరిని ముంచారన్న ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోకుండా, జలాంతర్గాములను వేటాడే నౌక ఏళ్ల తరబడి చేసే పని ఏమిటో అర్థం చేసుకోవాలి.

శారదా నది గట్టు తెగిన ఏడాది మునగపాక రైతుకు జీవితాంతం గుర్తుంటుంది. గట్టు నిలిచిన ఏళ్లను ఎవరూ లెక్కపెట్టరు, చెరకు ఇంటికి చేరింది ఆ ఏళ్లలోనే అయినా సరే. వేటనౌక బతుకూ అలాంటిదే. దాని మొదటి విధి సరుకు ఓడలను, ప్రయాణికుల ఓడలను రేవు నుంచి రేవుకు క్షేమంగా చేర్చడం. జలాంతర్గామిని ముంచడం ఆ విధిలో ఒక భాగం, అదీ అరుదుగా ఎదురయ్యే భాగం. యుద్ధం పొడుగునా ఒక్క జలాంతర్గామినీ ముంచకుండానే గొప్పగా పనిచేసిన ఎస్కార్ట్ నౌకలు ఎన్నో ఉన్నాయి. వేటనౌక పక్కన ఉందని తెలిస్తే జలాంతర్గామి పెరిస్కోపు పైకెత్తడానికే జంకుతుంది, లోతుల్లోనే ఉండిపోతుంది, గురి చూసే వీలు లేక వెనుదిరుగుతుంది. అలా పేలకుండా పోయిన టార్పెడోకు రికార్డు ఉండదు. మన చరిత్ర రచన మాత్రం మునిగిన శత్రువు ఉంటేనే కలం పట్టుకుంటుంది. దాంతో వందల రోజుల కాపలా అంతా చీకట్లో ఉండిపోయి, పేలుడు జరిగిన ఒక్క రాత్రి మీదే వెలుగు పడుతుంది.

ఆ కాపలా ఎందుకు అవసరమైందో ఆర్‌ఓ-110 చరిత్రే చెబుతుంది. 1943 డిసెంబర్ 14న బంగాళాఖాతంలో అది డైసీ మోలర్ అనే బ్రిటిష్ సరుకు ఓడను టార్పెడోతో ముంచింది. ఓడను ముంచి ఊరుకోలేదు. ప్రాణాలు దక్కించుకోవడానికి లైఫ్‌బోట్లు ఎక్కిన నావికులను ఢీకొట్టి, మర తుపాకులతో కాల్చింది. యాభై మందికి పైగా చనిపోయారు. బతికిన కొద్దిమంది ఆంధ్ర తీరానికి చేరి జరిగింది చెప్పగలిగారు. రెండు నెలలు తిరక్కుండానే అదే జలాంతర్గామి విశాఖ దక్షిణాన పొంచి ఉంది. కొలంబో నుంచి కలకత్తా వెళ్తున్న జేసీ-36 కాన్వాయ్‌లోని అస్ఫాలియన్ అనే ఓడను టార్పెడోతో కొట్టింది. ఆ ఓడ దెబ్బతిన్నా మునగలేదు, దాన్ని విశాఖ రేవుకు చేర్చగలిగారు. కాన్వాయ్‌కి కాపుగా ఉన్న జమ్నా, దానితో పాటు ఆస్ట్రేలియా నౌకలు లాన్సెస్టన్, ఇప్స్‌విచ్ వెంటనే జలాంతర్గామి మీద పడి డెప్త్ చార్జీలు వేశాయి. అందులోని 47 మందిలో ఎవరూ బతకలేదు. ఈ రెండు ఘటనలను పక్కపక్కన పెట్టి చూస్తే, ఒక జలాంతర్గామి స్వేచ్ఛగా తిరిగితే ఏమవుతుందో, దాని వెంట పడే నౌకలు దగ్గరలో ఉంటే ఏమవుతుందో స్పష్టంగా తెలుస్తుంది.

ఈ వేట ఎంత కష్టమో తెలియకపోతే దాని విలువా తెలియదు. అప్పటి వేటనౌకలో ఆస్‌డిక్ అనే పరికరం ఉండేది. నేటి సోనార్‌కు అది తాత. నౌక అడుగు నుంచి నీటిలోకి శబ్దం పంపుతుంది. ఆ శబ్దం జలాంతర్గామి ఉక్కు గోడకు తగిలి తిరిగొస్తే, చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్న నావికుడు ఎన్ని సెకన్లు పట్టిందో చూసి దూరం కడతాడు. తిరిగొచ్చిన శబ్దం స్వరం పెరిగితే ఎర దగ్గరవుతోందని, తగ్గితే పారిపోతోందని గ్రహిస్తాడు. అయితే నౌక సరిగ్గా జలాంతర్గామి మీదికి వచ్చే చివరి రెండు మూడు వందల మీటర్లలో ఆ శబ్దం దాని పైనుంచి వెళ్లిపోతుంది. అంటే దెబ్బ వేయాల్సిన క్షణంలోనే వేటగాడికి కళ్లు పోతాయి. సుమారు 130 కిలోల పేలుడు పదార్థం నింపిన డ్రమ్ముల్లాంటి డెప్త్ చార్జీలు నీటిలో దిగడానికి మరికొన్ని సెకన్లు పడుతుంది. ఆలోగా జలాంతర్గామి పక్కకు తప్పుకోవచ్చు. పైగా మన బంగాళాఖాతం మామూలు సముద్రం కాదు. గంగ, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చి పోసే మంచినీరు ఉప్పునీటి మీద పొరగా తేలుతుంది. పైనీరు వెచ్చన, కిందినీరు చల్లన. ఆ పొరల మధ్య శబ్దం వంగిపోతుంది, జలాంతర్గామికి దాక్కునే చాటు దొరుకుతుంది. అందుకే ఒక నౌక దూరంగా ఉండి చెవి పెడుతూ దారి చూపిస్తే ఇంకో నౌక వెళ్లి దాడి చేస్తుంది. ఈ పనిలో ఒంటరి వీరుడికి చోటు తక్కువ. ఓపిక, శిక్షణ, తోటి నౌక మీద నమ్మకం, ఈ మూడే దీనికి ఆధారం.

జమ్నా జీవితం మొత్తాన్ని చూస్తే ఆ ఫిబ్రవరి రోజు అందులో ఎంత చిన్న భాగమో తెలుస్తుంది. స్కాట్లండ్‌లోని డంబార్టన్‌లో డెన్నీ కంపెనీ షిప్‌యార్డులో తయారై 1940 నవంబర్‌లో నీటిలోకి దిగింది, 1941 మేలో రాయల్ ఇండియన్ నేవీలో చేరింది. బ్లాక్ స్వాన్ తరగతి స్లూప్ (చిన్న ఎస్కార్ట్ యుద్ధనౌక) అది. విమానాలను కొట్టే ఆరు నాలుగంగుళాల ఫిరంగులు, జలాంతర్గాముల కోసం ఆస్‌డిక్, డెప్త్ చార్జీలు దాని సామగ్రి. 1942 తొలి నెలల్లో సింగపూర్, జావా వైపు సముద్రాల్లో కాన్వాయ్‌లకు తోడు వెళ్లింది. 1943 జులైలో సట్లెజ్ అనే సోదర నౌకతో కలిసి మధ్యధరా సముద్రంలో సిసిలీ దాడికి ఎస్కార్టుగా నిలిచింది. 1944లో మన తీరం, 1945 జనవరిలో బర్మాలోని అరకాన్ తీరంలో సైన్యం దిగేటప్పుడు ఫిరంగులతో అండ. 1947లో నౌకాదళాన్ని పంచుకున్నప్పుడు అది భారత్ వాటాకు వచ్చి, ఆ తర్వాత ఐఎన్‌ఎస్ జమునా పేరుతో సముద్రపు అడుగును కొలిచే సర్వే నౌకగా పనిచేసింది. అలా నలభై ఏళ్లకు దగ్గరగా సాగిన సేవలో ‘ముంచింది’ అని రాసుకోదగ్గ రోజు ఒక్కటే. మిగతా అంతా తోడు వెళ్లడం, కాపలా కాయడం, లోతు కొలవడం. ఆ మిగతా అంతటినీ వదిలేస్తే జమ్నా చరిత్రలో మిగిలేది ఒక తారీఖు మాత్రమే.

ఆ తోడు వెళ్లడం ఎంత పెద్ద విషయమో 1942 ఏప్రిల్‌ను గుర్తు చేసుకుంటే తెలుస్తుంది. ఆ నెల 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. జనం మూటాముల్లె సర్దుకుని ఊళ్లు ఖాళీ చేసిన కథలు పెద్దల నోట నేటికీ ఉన్నాయి. అదే వారంలో జపాన్ అడ్మిరల్ ఒజావా నౌకలు బంగాళాఖాతంలో విడివిడిగా, కాపలా లేకుండా వెళ్తున్న ఇరవైకి పైగా వాణిజ్య ఓడలను ముంచేశాయి. తూర్పు తీరం పొడుగునా సముద్ర రవాణా స్తంభించిపోయింది. రెండేళ్లు తిరిగేసరికి అదే దారిలో కొలంబో-కలకత్తా కాన్వాయ్‌లు నంబర్ల వారీగా నడుస్తున్నాయి. జపాన్ పెద్ద నౌకలు పసిఫిక్‌కు మళ్లిపోవడం దీనికి ఒక కారణం. కానీ జలాంతర్గాములు పోలేదు, పెనాంగ్ నుంచి వస్తూనే ఉన్నాయి. వాటి మధ్య నుంచి ఓడలను దాటించింది జమ్నా లాంటి నౌకలే. మన నదుల పేర్లు పెట్టుకున్నవీ వాటిలో ఉన్నాయి. హెచ్‌ఎంఐఎస్ గోదావరి 1944 ఆగస్టు 12న సీషెల్స్ దగ్గర బ్రిటిష్ నౌక ఫిండ్‌హార్న్‌తో కలిసి జర్మనీకి చెందిన యూ-198ని వేటాడి ముంచింది. దేశ విభజనలో ఆ గోదావరి పాకిస్తాన్ వాటాకు పోయి పీఎన్‌ఎస్ సింధ్ అయింది. గోదావరి నీళ్లు తాగి పెరిగిన వాళ్లలో ఈ సంగతి ఎంతమందికి తెలుసు?

ఘాజీ విషయంలోనూ మన జ్ఞాపకం ఇదే దారిలో పక్కకు పోయింది. సినిమాలో ఘాజీని ఎదుర్కొన్నది ఎస్-21 అనే భారత జలాంతర్గామి. అది కథ, కథగా దానికి ఆ హక్కు ఉంది. వాస్తవంలో ఆ రాత్రి రేవు దాటి బయటికి వెళ్లింది ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ అనే పాత డిస్ట్రాయర్. 1942లో హెచ్‌ఎంఎస్ రాదర్‌హామ్‌గా పుట్టి, ప్రపంచ యుద్ధంలో హిందూ మహాసముద్రంలో తిరిగి, 1949లో మన నౌకాదళంలో చేరిన నౌక అది. 1971 నాటికి సర్వీసు చివరికి వచ్చింది. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ విమానవాహక నౌక విక్రాంత్‌ను అండమాన్ వైపు పంపించేసి, విక్రాంత్ ఇక్కడే ఉందని శత్రువు నమ్మేలా వైర్‌లెస్ సందేశాలతో హడావిడి చేసే పనిని రాజ్‌పుత్‌కు అప్పగించారు. రేవు దాటాక నీటిలో అలజడి కనిపించిన చోట రాజ్‌పుత్ సారథి లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్ డెప్త్ చార్జీలు వేయించారు. ఆ దాడి వల్లే ఘాజీ మునిగిందని మన నౌకాదళం అంటుంది. లోపలి ప్రమాదమో, తను పరిచిన మైనే పేలడమో కారణమని పాకిస్తాన్ అంటుంది. లోపల పేలుడు జరిగి ఉండొచ్చని మన నౌకాదళ అధికారుల్లోనే కొందరు రాశారు. యాభై ఏళ్లకు పైగా మన చర్చంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది. దాని జవాబు ఏదైనా సరే, విక్రాంత్ క్షేమంగా ఉండి బంగ్లాదేశ్ రేవుల మీద దాడులు చేయగలిగింది. ఆ రక్షణే అసలు ఫలితం. ఆ ఫలితంలో రాజ్‌పుత్ పాత్రను ఏ వాదమూ తగ్గించలేదు.

జమ్నాను తలచుకోవడానికి ఎదురయ్యే మొదటి అభ్యంతరం బలమైనదే. అది బ్రిటిష్ సామ్రాజ్యం కోసం చేసిన యుద్ధం కదా, ఆ నౌక మీద ఎగిరింది మన జెండా కాదు కదా అని అడుగుతారు. నిజమే. 1939లో మన నాయకులను అడగకుండానే వైస్రాయ్ భారత్‌ను యుద్ధంలోకి లాగాడు, దానికి నిరసనగా కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. ఆ నౌకాదళంలో తెల్ల అధికారులు మన నావికులను హీనంగా చూశారు, 1946 ఫిబ్రవరిలో నావికుల తిరుగుబాటుకు ఆ అవమానాలే నిప్పు రాజేశాయి. ఇవన్నీ జమ్నా కథలో రాయాలి, దాచకూడదు. కానీ సామ్రాజ్యం తప్పును ఆ నావికుల లెక్కలో వేయడం అన్యాయం. యుద్ధం మొదలయ్యే నాటికి రెండు వేల మందికి మించని దళం, ముగిసేసరికి పాతిక వేలు దాటింది. సముద్రంలోనే ప్రాణాలు పోయి సమాధి కూడా లేని మన నౌకాదళ, వాణిజ్య ఓడల నావికుల పేర్లు ముంబై, చిట్టగాంగ్ స్మారక గ్రంథాల్లో ఆరు వేలకు పైగా ఉన్నాయి. లైఫ్‌బోట్లో కూర్చున్న నిరాయుధుడి మీద తూటాలు కురిసినప్పుడు అతని ఓడ మీద ఎవరి జెండా ఎగిరిందన్నది అతని ప్రాణానికి వెల కట్టే కొలత కాదు. అలాంటి ప్రాణాలను కాపాడిన పనిని సామ్రాజ్య భజనగా కొట్టిపారేయడం సరికాదు. 1946లో తిరగబడిన తరానికి ఈ సముద్రానుభవమే ఆత్మవిశ్వాసం ఇచ్చింది.

రెండో అభ్యంతరం, ఆర్‌ఓ-110ను ముంచిన ఘనత జమ్నా ఒక్కదానిదే కాదు కాబట్టి దాన్ని మన విజయంగా చెప్పుకోవడం అతిశయమని. ఘనత ముగ్గురిదన్నది నిజం, అలాగే రాయాలి కూడా. వేట సాగే తీరు తెలిసినవారికి ఇది లోపంగా తోచదు, ఆ పని స్వభావమే అది. ఆస్ట్రేలియా నౌకాదళం లాన్సెస్టన్, ఇప్స్‌విచ్ నౌకల చరిత్రను అందరూ చదివేలా పెట్టింది, అందులో విశాఖ తీరపు ఆ రోజూ ఉంది. తమ దేశానికి అంత దూరంలో జరిగినదాన్ని వాళ్లు దాచుకుంటే, మన గుమ్మం ముందు జరిగినదాన్ని మనం వదిలేశాం. దీనితో ముడిపడి ఇంకో ప్రశ్న ఉంది, నలభై ఏడు మంది చనిపోయిన చోటును ఉత్సవంగా మార్చడం మానవత్వమా అని. ఉత్సవం వద్దు. ఆ జలాంతర్గామి ఇప్పుడు యుద్ధ సమాధి. 2024లో మన నౌకాదళం కొత్తగా తెచ్చుకున్న రక్షక జలాంతర్గామి సాయంతో ఘాజీ శకలాన్ని గుర్తించింది. అందులోని మృతుల మీద గౌరవంతో దాన్ని ముట్టుకోలేదు. అదే మర్యాద ఆర్‌ఓ-110కూ వర్తిస్తుంది. డైసీ మోలర్‌లో పోయినవారు, ఆర్‌ఓ-110లో పోయినవారు, వేటాడిన నౌకల్లోని వారు, అందరినీ ఒకే ఫలకం మీద ప్రస్తావించవచ్చు. పగ లేకుండా నిజం చెప్పడం సాధ్యమే.

రక్షణ రహస్యాల మాటేమిటని మూడో ప్రశ్న. మన తీరం ఇప్పుడు దేశంలోకెల్లా కీలకమైన నౌకాదళ తీరాల్లో ఒకటి. రాంబిల్లిలో కొత్త నౌకాస్థావరం వస్తోంది. 2025 జూన్ 18న విశాఖలో ఐఎన్‌ఎస్ అర్నాలా, అక్టోబర్ 6న ఐఎన్‌ఎస్ ఆండ్రోత్ నౌకాదళంలో చేరాయి. రెండూ తీరానికి దగ్గరి తక్కువ లోతు నీళ్లలో జలాంతర్గాములను వేటాడేందుకే కట్టినవి. వీటి వివరాలు కొన్ని గోప్యంగా ఉండడం సబబే. ఎనభై ఏళ్ల కిందటి ఆస్‌డిక్ చిట్టాలో మాత్రం శత్రువుకు పనికొచ్చే రహస్యం ఏమీ ఉండదు. యుద్ధ రికార్డులను సాధారణంగా 25 ఏళ్లలో బహిరంగపరచాలని, యుద్ధ చరిత్రలను అయిదేళ్లలో కూర్చాలని రక్షణ శాఖే 2021 జూన్‌లో విధానం ప్రకటించింది. రికార్డులు మూలన పడి పాడైపోతే రేపు ఎంత వెతికినా దొరకవు. ఇక నాలుగో మాట తీరగ్రామాలది. స్థావరం కోసం భూములు, వేట చోట్లు పోతున్న మత్స్యకారులకు ఉపాధి, పరిహారం ముందు గానీ చరిత్ర ఎందుకని. వారి హక్కులు ముందే, సందేహం లేదు. అయితే ఈ చరిత్రలో వారికీ భాగం ఉంది. 1971లో సముద్రం మీద తేలిన ఘాజీ వస్తువుల కబురు తెచ్చినవారిలో మత్స్యకారులు ఉన్నారు. దేశ రక్షణ కోసం ఈ తీరం ఇచ్చినదేమిటో రాసి పెట్టుకోవడం, ఇప్పుడు ఇస్తున్నదానికి న్యాయమైన వెల అడిగే హక్కును బలపరుస్తుంది.

అడిగేది పెద్ద ఖర్చుతో కూడినదేమీ కాదు. ఆర్‌కే బీచ్‌లో కురుసురా జలాంతర్గామి 2002 నుంచి మ్యూజియంగా నిలిచి ఉంది. జలాంతర్గామి లోపలి జీవితం చూడటానికి లక్షల మంది అక్కడికి వస్తున్నారు. జలాంతర్గాములను వేటాడే నౌకల కథను తెలుగులో చెప్పే ఒక గది ఆ మ్యూజియం పక్కనే రావాలి. అందులో జమ్నా, గోదావరి, రాజ్‌పుత్‌ల సేవ మొదటి రోజు నుంచి చివరి రోజు వరకు ఉండాలి, ఆస్‌డిక్ ఎలా వింటుందో పిల్లలు చెవి పెట్టి తెలుసుకునే ఏర్పాటు ఉండాలి. పూడిమడక తీరంలో ఒక ఫలకం పెట్టాలి. జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్న రాయల్ ఇండియన్ నేవీ పత్రాలను డిజిటల్ చేసి అందరికీ అందించాలి, ఆ నౌకల్లో పనిచేసిన తెలుగువారి పేర్లను ఆంధ్ర విశ్వవిద్యాలయం లాంటి సంస్థలు వెతికి పట్టాలి. అనకాపల్లి జిల్లా బడుల్లో స్థానిక చరిత్ర చెప్పేటప్పుడు 1942 బాంబు దాడితో పాటు 1944 వేట కూడా ఒక పాఠం కావాలి. 2044 ఫిబ్రవరి 11 నాటికి ఆ ఘటనకు నూరేళ్లు నిండుతాయి. అంతవరకు ఆగితే అప్పటి సంగతి విన్న చివరి గొంతులు కూడా మిగలవు. ఇప్పుడే మొదలుపెట్టాలి, ఓడలను క్షేమంగా దాటించడమే ఆ నౌకల గొప్ప విజయమని మన పిల్లలకు తేటతెల్లంగా చెప్పాలి.